తీగ, మెట్టు, అయస్కాంతం

అచ్చంపేటలో గానీ, కల్వకుర్తిలో గానీ, దేవరకొండలో గానీ బస్టాండు దాటి నాలుగడుగులు వేస్తే మోటారు వైండింగ్ షాపు తగలకుండా ఉండదు. బోరు మీద బతికే నేల ఇది. వోల్టేజీ పడిపోయినా, బోరులో నీళ్లు అడుగంటినా ముందు కాలేది మోటారే. కాలిన మోటారు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగను లెక్క తప్పకుండా చుట్టి ఇచ్చే పనివాళ్లు పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో మండలానికి నలుగురైనా ఉంటారు. ఎలక్ట్రిక్ గిటారును ఇంట్లోనే సొంత చేతులతో చేసుకోవాలని ముచ్చటపడే కుర్రవాడికి వాళ్లకంటే దగ్గరి గురువులు దొరకరు. ఆ గిటారుకు గొంతు ఇచ్చేది రాగితీగ చుట్టే.

రెండో గురువు ఇంకా పాతవాడు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెరను ఇప్పుడు తెలుగువాళ్లలో చూడనివాళ్లు తక్కువ. 2021లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినబడే గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ వచ్చింది. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి కులంవాళ్లు తరతరాలుగా మోసుకొచ్చిన వాయిద్యం అది. పండుగ సాయన్న, పానుగంటి మియాసాబ్ లాంటి పాలమూరు వీరుల కథలు దాని మీదే నడిచాయి. బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది కాబట్టి ఆ పేరు గల వాయిద్యం ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

కిన్నెరను కొనుక్కోవడానికి దుకాణం లేదు. వాయించేవాడే చేసుకోవాలి. ఒక వెదురు బొంగు, దాని కింద కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, పైన తీగలు, తీగల కింద మైనంతో నిలబెట్టిన మెట్లు. నెమలి ఈకలు, గజ్జెలు, అద్దాలు అలంకారం. పూర్వం మెట్లకు అలుగు పొలుసులు, తీగలకు జంతువుల నరాలు వాడేవారట. అలుగును వేటాడటం వన్యప్రాణి చట్టం కింద నేరం కాబట్టి ఆ సరుకు ఇప్పుడు ఎవరూ ముట్టకూడదు. తీగలు కూడా ఎక్కువగా లోహానివే అయ్యాయి.

చూడటానికి కిన్నెరకూ ఎలక్ట్రిక్ గిటారుకూ పోలికే ఉండదు. పనిలోకి దిగితే మాత్రం రెండింటి ముందూ ఉన్న చిక్కులు మూడే. తీగను సడలకుండా బిగించి పట్టుకోవాలి. దాన్ని సరైన చోట్ల భాగించాలి. దాని చప్పుడు నలుగురికీ వినబడేలా చేయాలి. మొదటి చిక్కును రెండూ కర్రతోనే తీర్చాయి. రెండోదాన్ని కిన్నెర చెవితో, గిటారు గణితంతో తీర్చాయి. మూడోదాని దగ్గర దారులు పూర్తిగా విడిపోయాయి. అక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు.

బిగించిన తీగను మీటితే అది కదులుతుంది గానీ పెద్దగా వినపడదు. సన్నటి తీగ గాలిని కోసుకుంటూ పోతుందే తప్ప నెట్టలేదు. అందుకే దాని కదలికను గాలిని నెట్టగల పెద్ద వస్తువుకు అందించాలి. కిన్నెరలో ఆ పని బుర్రలది. తీగ వణుకు మెట్ల ద్వారా, బొంగు ద్వారా బుర్రకు చేరి, బుర్ర గోడలూ లోపలి గాలీ కలిసి మోగుతాయి. వీణ కుండ, తంబుర బుర్ర, మామూలు గిటారు పెట్టె చేసే పనీ ఇదే.

ఈ ఏర్పాటులో ఒక బేరం దాగి ఉంది. బుర్ర గట్టిగా మోగాలంటే ఆ శక్తి ఎక్కడి నుంచి రావాలి? తీగ నుంచే. కాబట్టి బుర్ర ఎంత బాగా మోగితే తీగ అంత త్వరగా అలిసిపోతుంది, స్వరం అంత తొందరగా ఆరిపోతుంది. చప్పుడు కావాలో, నిలకడ కావాలో తేల్చుకోవాలి. కిన్నెర చప్పుడునే ఎంచుకుంది. సంత మధ్య, వాకిట్లో, మైకు లేని కాలంలో కథ చెప్పేవాడికి అదే కావాలి. స్వరం ఆరిపోయే లోపు మాట అందుకుంటుంది.

ఆ బేరాన్ని తెంచింది అయస్కాంతం. తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే తీగలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. జనరేటరుకూ, ట్రాన్స్‌ఫార్మరుకూ మూలం అదే. సరిగ్గా వంద సంవత్సరాలకు, 1931లో, అమెరికాలో జార్జ్ బోషాంప్ అనే గిటారు వాద్యకారుడు ఆ సూత్రాన్ని తీగల కిందికి తెచ్చాడు. అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి అతను అమ్మకానికి తెచ్చిన గిటారు ఆకారం చూసి జనం ‘ఫ్రైయింగ్ పాన్’ అన్నారు. ఉక్కు తీగ కింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట. ఈ జోడీనే పికప్ అంటారు. అయస్కాంతం పక్కనున్న ఉక్కు తీగ తానూ కొంచెం అయస్కాంతమవుతుంది. అది ఊగినప్పుడల్లా చుట్టలోంచి వెళ్లే క్షేత్రం హెచ్చుతగ్గులవుతుంది. చుట్టలో అదే లయలో వోల్టు పుడుతుంది. ఆ వోల్టు వంద మిల్లీవోల్టులకు అటూ ఇటూ. మిగతా భారమంతా యాంప్లిఫయరు మోస్తుంది.

ఇలా తీగ నుంచి దాదాపు ఏమీ దోచుకోకుండానే చప్పుడు పుట్టించవచ్చు. బుర్ర అక్కర్లేదు, పెట్టె అక్కర్లేదు. పైగా బోలు పెట్టె ఉంటే నష్టం కూడా. యాంప్లిఫయరు చప్పుడుకు ఆ పెట్టె తిరిగి కంపించి, ఆ కంపనం మళ్లీ యాంప్లిఫయరులోకి వెళ్లి, మైకు కూసినట్టు కూస్తుంది. లెస్ పాల్ అనే వాద్యకారుడు 1940 ప్రాంతంలో ఎపిఫోన్ కంపెనీ కార్ఖానాలో ఆదివారాలు కూర్చుని నాలుగంగుళాల చదరపు పైన్ దుంగకే తీగలు బిగించాడు. దుంగను చూసి జనం మొహం చిట్లిస్తున్నారని, మామూలు గిటారు పెట్టెను నడిమికి కోసి రెండు పక్కలా రెక్కల్లా తగిలించాడు. ఆ రెక్కలు కంటికోసమే. 1950లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ గట్టి చెక్క గిటారును కార్ఖానా సరుకుగా మార్చాడు. అతను రేడియోలు బాగుచేసే మనిషి. గిటారు వాయించడం రాదు. మన వైండింగ్ షాపు జాతివాడే అన్నమాట.

ఇక రెండో చిక్కు, మెట్లు. గిటారు చేయడంలో అసలు ప్రమాదం పొంచి ఉండేది ఇక్కడే.

తీగను సగానికి నొక్కితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. ఆ మధ్య దూరాన్ని పన్నెండు సమానమైన మెట్లుగా పంచాలన్నది గిటారు పద్ధతి. సమానం అంటే దూరంలో సమానం కాదు. ప్రతి మెట్టు దగ్గరా మిగిలిన తీగ పొడవు ముందు పొడవును 1.0595తో భాగిస్తే వచ్చినంత ఉండాలి. ఈ అంకెను పన్నెండుసార్లు దానితోనే హెచ్చవేస్తే సరిగ్గా 2 వస్తుంది. పనిలో సులువుగా ఉండాలని దీన్నే మరో రకంగా వాడతారు. మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి మెట్టు ఎంత దూరమో తేలిపోతుంది. 648 మిల్లీమీటర్ల తీగ తీసుకుంటే మొదటి మెట్టు 36.4 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. పదకొండో మెట్టుకూ పన్నెండో మెట్టుకూ మధ్య 19.3 మాత్రమే. పన్నెండోది సరిగ్గా 324 దగ్గర, అంటే నట్టనడుమ.

గలిలియో తండ్రి విన్‌చెంజో గలిలీ సంగీతజ్ఞుడు. 1581లో అతను 17.817 బదులు 18తో భాగించమని రాశాడు. తాపీగా లెక్క వేసుకునే వడ్రంగికి అది ఎంతో హాయి. కానీ ఆ లెక్కన పన్నెండో మెట్టు నడుమకు రాకుండా సుమారు రెండున్నర మిల్లీమీటర్ల ముందే ఆగిపోతుంది. చిత్రమేమిటంటే ఆ తప్పు వాయించేటప్పుడు కొంత ఒప్పవుతుంది. మెట్టు మీద నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం పైకి జరుగుతుంది. తక్కువ స్వరం పలికే మెట్టు ఆ పెరుగుదలను కొంత సర్దేస్తుంది. నేటి గిటారుల్లో మెట్లను కచ్చితంగా పెట్టి, అవతలి చివర తీగ ఆనే సాడిల్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి అదే పని చేస్తారు.

ఒక మిల్లీమీటరు తప్పితే ఏమవుతుంది? మొదటి మెట్టు దగ్గర తప్పితే ఒక అర్ధస్వరంలో నూటికి మూడు వంతులు కూడా తేడా రాదు, అంటే మూడు సెంట్ల లోపు. పన్నెండో మెట్టు దగ్గర అదే తప్పు ఐదు సెంట్లు దాటుతుంది. ఇరవయ్యో మెట్టు దగ్గర ఎనిమిదిన్నర. నిదానంగా వింటే ఐదు సెంట్ల తేడాను మంచి చెవి పట్టేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలవరు. ప్రతి మెట్టునూ తలవైపు తీగ ఆనే నట్ దగ్గర్నుంచే, స్టీలు స్కేలు కదపకుండా గీసుకుంటారు. మెట్టు నుంచి మెట్టుకు కొలుస్తూ పోతే అర మిల్లీమీటరు పొరపాట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. గీసిన చోట 0.6 మిల్లీమీటర్ల వెడల్పు గాడి పడేలా పలచని రంపంతో కోయాలి. ఇంట్లో ఉండే మామూలు రంపం గాడి అంతకు రెండింతలు పైనే ఉంటుంది. అందులో మెట్టు తీగ కొడితే వదులుగా ఊగుతుంది. నికెల్ సిల్వర్ అని పిలిచే ఆ తీగలో వెండి వీసమెత్తు కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు.

ఒకసారి గాడి కోశాక వెనక్కి తిరగడం లేదు. కిన్నెర ఇక్కడే గిటారును చూసి నవ్వుతుంది. మెట్టు తప్పుగా పలికితే మైనం కాస్త వెచ్చబెట్టి, మెట్టును ఇటో అటో జరిపి, తీగ మీటి, విని, మళ్లీ ఒత్తేస్తే సరి. కొలబద్ద అక్కర్లేదు. వీణలోనూ ఇదే తీరు. తంజావూరును ఏలిన తెలుగు నాయకరాజు రఘునాథ నాయకుడి కాలంలో, అంటే పదిహేడో శతాబ్దం మొదట్లో, ఇరవై నాలుగు మెట్ల వీణ స్థిరపడింది. మెట్లు స్థిరమన్న మాటే గానీ అవీ మైనం మీద కూర్చున్నవే. కొన్నేళ్లకోసారి వీణలు చేసేవాళ్లు మైనం మార్చి, చెవితో మేళం కడతారు. కిన్నెరకు పన్నెండు మెట్లు, గిటారులో స్థాయికి పన్నెండు మెట్లు. అంకె కలిసిందని లెక్క కలవాలని లేదు. కిన్నెర మెట్లు పాటగాడి గొంతుకు, అతని కథల వరసకు కుదిరినవి.

కర్ర మాటకొస్తే జనంలో ఎన్ని నమ్మకాలో. ఫలానా చెట్టు చెక్కకే తియ్యని నాదం వస్తుందని గిటారు ప్రియులు ఏళ్ల తరబడి తగువులాడుకుంటారు. పికప్‌కు తెలిసేది ఉక్కు తీగ కదలిక ఒక్కటే, చెక్క వాసన దానికి పట్టదు. అయితే చెక్క వల్ల తేడా బొత్తిగా లేదనడమూ సరికాదు. జర్మనీలో ఫ్లైషర్, త్స్వికర్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన కొలతల్లో, మెడ ఏ స్వరం దగ్గర తేలిగ్గా వణుకుతుందో ఆ స్వరం తీగలో త్వరగా చచ్చిపోతుందని తేలింది. అంటే ఒళ్లు ఏ చెక్కదైనా ఫరవాలేదు గానీ మెడ గట్టిగా ఉండాలి. 648 మిల్లీమీటర్ల గిటారుకు మామూలు మందం తీగలు ఆరు బిగిస్తే మెడ మీద పడే మొత్తం లాగుడు 47 కిలోల దాకా ఉంటుంది. అది రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే మెడ లోపల సవరించుకునే ఉక్కు కడ్డీ ఒకటి వేస్తారు.

పాలమూరు నేలలో చెక్కకు కొదవ లేదు గానీ ఎంపిక తెలియాలి. నల్లమల వైపు నారేప కర్ర ఉక్కులాంటిది, నీళ్లలో మునిగిపోతుంది. గిటారు ఒంటికి వాడితే నాలుగు కిలోలు దాటి భుజం పడిపోతుంది. వేప, మామిడి చవక, కానీ బాగా ఎండకపోతే మెలితిరుగుతాయి. టేకు అన్నివిధాలా అనువైనది. కదలదు, చెద పట్టనివ్వదు, ఒంటి బరువు రెండున్నర కిలోల దగ్గర ఆగుతుంది. కాకపోతే దానిలో నూనె ఉంటుంది కాబట్టి ఫెవికాల్ పూసే ముందు అతుకుల్ని స్పిరిటుతో తుడవాలి. లేదంటే ఎంత బిగించినా ఒకనాటికి అతుకు విడుతుంది. అన్నిటికంటే మంచి టేకు కొత్త కట్టె కోసే చోట దొరకదు, కూలగొట్టే పాత ఇళ్లలో దొరుకుతుంది. యాభై అరవై ఎండాకాలాలు చూసిన దర్వాజ చట్రం, దూలం ముక్క ఇక కొత్తగా ఎండాల్సింది ఏమీ ఉండదు. మేకులు మాత్రం వెతికి పీకాలి. లేకపోతే రందా పట్టిన మొదటి దెబ్బకే ఇనుము తగిలి పన్ను విరుగుతుంది.

మెట్లు కొట్టే పలకకు ప్రపంచమంతా కోరుకునే చెక్కల్లో మన జిట్రేగి ఒకటి. దాన్నే రోజ్‌వుడ్ అంటారు. 2017 జనవరిలో జిట్రేగి జాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి ఎక్కించడంతో గిటారు కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2019 నవంబరులో తయారైన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో చేసుకునేవాడికి ఆ గొడవ లేదు గానీ అడవి కర్ర జోలికి పోకుండా బిల్లు ఇచ్చే టింబరు డిపోలోనే కొనాలి. ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్న ఈ నేల మీద ఈ మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

వాతావరణం ఇంకో పరీక్ష పెడుతుంది. మే నెలలో పాలమూరు గాలిలో తడి ఉండదు. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా కుంచించుకుపోతుంది. లోహపు మెట్లు మాత్రం కుంచించుకోవు. ఆషాఢంలో నున్నగా చేతికి తగిలిన మెడ అంచు వైశాఖంలో రంపపు పళ్లలా గీసుకుంటుంది, చెక్క లోపలికి పోయి మెట్ల కొనలు బయటికి వస్తాయి కనుక. చలి దేశాల గిటారుకు ఈ జబ్బు హీటర్లు వేసిన గదుల్లో వస్తే, ఇక్కడ ఎండ వల్ల వస్తుంది. మందు ఒకటే, సన్న ఆకురాయి. అందుకే మెట్ల కొనలు చివరిసారి రాయడానికి ఎండాకాలమే సరైన సమయం. వానాకాలంలో చెక్క ఉబ్బితే వచ్చే నష్టం లేదు.

ఇప్పుడు మళ్లీ వైండింగ్ షాపుకు వెళ్దాం. సీలింగ్ ఫ్యానుకు చుట్టే 36 గేజి రాగితీగ మందం 0.19 మిల్లీమీటర్లు. పికప్‌కు వాడే తీగ 0.063. అది తల వెంట్రుకతో సమానం. ఫెండర్ తరహా పికప్ ఒకదానికి దాన్ని ఏడెనిమిది వేల చుట్లు తిప్పాలి. అగ్గిపెట్టె కంటే కాస్త పొడవైన చట్రం చుట్టూ కిలోమీటరుకు పైగా తీగ ఎక్కుతుంది. ఫ్యాను కాయిల్ చుట్టే చేతిమరకు చుట్ల లెక్క చూపే మీటరు ఎలాగూ ఉంటుంది. మర అదే, చట్రం వేరు. మారాల్సింది వేళ్ల ఒత్తిడి. ఫ్యాను తీగకు అలవాటైన పట్టు పడితే ఇది తెగుతుంది. తెగకపోయినా సాగి సన్నబడుతుంది. భయపడి వదులుగా వదిలితే చుట్లు లోపల కదులుతూ, యాంప్లిఫయరు పెంచినప్పుడు కీచుమంటాయి.

చుట్టడం అయ్యాక మీటరు పెట్టి చూస్తే సుమారు ఆరు వేల ఓములు చూపాలి. మే నెల మధ్యాహ్నం కొలిస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు. వేడెక్కిన రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 6,000 చూపిన చుట్ట 40 డిగ్రీల దగ్గర 6,350 చూపుతుంది. చుట్లు ఎక్కువైతే వోల్టు పెరుగుతుంది, దాంతోపాటు పై స్వరాల్లోని మెరుపు తగ్గుతుంది. కూనిరాగానికీ కేకకూ మధ్య ఎక్కడ ఆగాలన్నది చుట్టేవాడి అభిరుచి.

కీచుమనకుండా చేసే వైద్యం మైనం. పారఫిన్ మైనంలో కొంత తేనెమైనం కలిపి, 65 డిగ్రీల దగ్గర కరిగించి, చుట్టిన పికప్‌ను అందులో ముంచుతారు. లోపలి గాలి బుడగలుగా బయటికి వచ్చి, మైనం చుట్ల మధ్యకు చేరి, చల్లారాక తీగల్ని కదలనివ్వదు. నేరుగా మంట మీద పెడితే ప్లాస్టిక్ చట్రం వంకరపోతుంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. కిన్నెర మెట్లను పట్టుకుని ఉన్న పదార్థమే అమెరికా పికప్ లోపలా ఉందని చాలామంది గిటారు వాద్యకారులకు కూడా తెలియదు.

అయస్కాంతాల దగ్గర ఆశ పనికిరాదు. పాత హార్డ్‌డిస్కులో దొరికే నియోడిమియం ముక్క బలంగా ఉంది కదా అని పెడితే అది తీగను తనవైపు లాగేసి, ఊగనివ్వదు, స్వరాన్ని వంకర చేస్తుంది. అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిసిన ఆల్నికో కడ్డీలు, లేదా మామూలు ఫెర్రైటు అయస్కాంతం చాలు. తీగలు ఉక్కువో, నికెల్ పూతవో అయి ఉండాలి. నైలాను తీగ, నరం తీగ అయస్కాంతానికి కనపడనే కనపడవు.

రాగిచుట్ట తీగ కదలికను ఒక్కదాన్నే వింటే బాగుండేది. గోడలోని కరెంటు వైర్లను కూడా వింటుంది. సెకనుకు 100 సార్లు దిశ మార్చే మన కరెంటు దానిలో ‘హూఁ’ అని ఎడతెగని మూలుగు పుట్టిస్తుంది. పక్క పొలంలో మోటారు స్టార్టరు వేస్తే టప్పుమంటుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీరు 1955లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. పక్కపక్కన రెండు చుట్టలు పెట్టి, రెండోదాన్ని ఎదురు దిశలో కలిపి, దాని అయస్కాంతాన్నీ తిరగేశాడు. బయటి నుంచి వచ్చే మూలుగు రెండింటిలో ఎదురెదురై చెల్లిపోతుంది. తీగ చప్పుడు మాత్రం రెండుసార్లు తిరగబడి సక్రమమై, రెండూ కూడుకుంటాయి. మోటారు చుట్టేవాళ్లకు ఇది చెప్పీచెప్పగానే అర్థమవుతుంది. చుట్ట మొదలూ చివరా తారుమారైతే ఏమవుతుందో వాళ్లు రోజూ చూస్తున్నదే. వాల్యూమ్ కంట్రోలు, కెపాసిటరు, జాక్ లాంటి మిగతా సరంజామా హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఒక చుట్టు చుడితే దొరుకుతుంది.

ఇంట్లో చేసిన గిటారు వేదికలకు పనికొస్తుందా అన్న సందేహానికి లండన్ శివార్లలోని ఒక ఇంటి కథ చెప్పొచ్చు. 1963లో పదహారేళ్ల బ్రయన్ మే, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రి హెరాల్డ్‌తో కలిసి గిటారు మొదలుపెట్టాడు. కొనే స్తోమత లేకనే. పాత చలిమంట గూడు మీది మహాగని చెక్క మెడ అయింది, దాని పురుగు రంధ్రాల్లో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. ఒంట్లో కొంత పాత బల్ల ఓక్ చెక్క. మెట్ల గుర్తులకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప బొత్తాలు. స్వరాన్ని ఊపే మీటకు సైకిల్ సంచి కడ్డీ, దాని కొనకు అల్లిక సూది తొడుగు, లోపల 1928 నాటి పాంథర్ మోటారుసైకిల్ వాల్వు స్ప్రింగులు. రెండేళ్ల పని, ఖర్చు ఎనిమిది పౌన్లు. ఆ గిటారుతోనే అతని రాక్ బృందం క్వీన్ దశాబ్దాల పాటు ప్రపంచమంతా తిరిగింది.

ఆ గిటారులో తండ్రీకొడుకులు ఓడిపోయిన చోటు ఒకటుంది. పికప్‌లు కూడా మొదట సొంతంగానే చుట్టారు. మామూలుగా మీటితే బాగానే పలికాయి. తీగను పక్కకు వంచి స్వరం సాగదీసినప్పుడు వింత చప్పుడు వచ్చింది. వాళ్లు వాడిన అయస్కాంతాల ధ్రువాలు తీగకు అడ్డంగా మారుతూ ఉండటంతో, తీగ ఒక ధ్రువం మీది నుంచి ఇంకో ధ్రువం మీదికి జరిగినప్పుడల్లా క్షేత్రం తడబడింది. చివరికి బర్న్స్ కంపెనీ పికప్‌లు కొని, కీచుమనకుండా ఆరల్డైట్ జిగురు నింపి బిగించారు. 

తీగను వంచి స్వరం సాగదీయడం మన సంగీతానికి ప్రాణం కనుక, అలాంటిదే ఒక చిక్కు తెలుగువాళ్లకూ ఎదురైంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించడానికి పట్టుకున్నది మాండొలిన్. అందులో తీగలు జంటలు జంటలుగా ఎనిమిది. జంట తీగల్ని ఒకే శ్రుతిలో వంచడం కష్టం, పైగా మీటిన స్వరం చిటికెలో ఆరిపోతుంది. గమకం పలికేలోపే తీగ మూగబోతే రాగం ఎక్కడ నిలుస్తుంది? ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నాడు. చప్పుడు పని యాంప్లిఫయరుకు అప్పగించాక తీగ దగ్గర నిలకడ మిగిలింది. 2014లో నలభై అయిదేళ్లకే కన్నుమూసేదాకా ఆ చిన్న చెక్కముక్క మీదే ఆయన త్యాగరాజ కృతులు పలికించాడు. కొనుక్కొచ్చిన వాయిద్యాన్ని తన సంగీతం అడిగినట్టు మార్చుకోవడమంటే అది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో గిటారు ఇప్పుడు ఎక్కువగా వినపడేది చర్చిల్లో. వందేళ్ల కిందటి మిషన్ల నుంచి పాటకు పెద్దపీట వేసిన సంఘాలవి, కీబోర్డు, ప్యాడ్‌ల పక్కన గిటారు కూడా ఉంటుంది. కార్ఖానా గిటారు చవకగానే దొరుకుతున్న రోజుల్లో సొంతంగా చేసుకుంటే డబ్బు కలిసిరాదు, ఆ భ్రమ వద్దు. శ్రుతి చేసే మరలు, మెట్ల తీగ, ఉక్కు కడ్డీ కొనక తప్పదు. మిగిలేది చేతికి సరిపడే మెడ, తనకు నచ్చిన చుట్ల లెక్క, తప్పు ఎక్కడుందో తెలిసినతనం.

మరి కిన్నెరకే పికప్ పెడితే? ఉక్కు తీగలుంటే అయస్కాంతపు పికప్ పనిచేస్తుంది. కానీ అది తీగనే వింటుంది. బుర్రల గుంభనం, గజ్జెల గలగల, మెట్ల మీద తీగ చేసే ఒరిపిడి, కిన్నెరను కిన్నెర చేసేవన్నీ దాని చెవిన పడవు. దానికి పీజో బిళ్ల కావాలి. బజరులో ఉండే ఆ ఇత్తడి బిళ్ల ఒత్తిడి తగిలితే వోల్టు పుట్టిస్తుంది, తీగ ఉక్కుదైనా నరందైనా దానికి ఒకటే. ధర కొద్ది రూపాయలు. దాని వోల్టు నేరుగా మామూలు యాంప్లిఫయరుకు కలిపితే కింది స్వరాలు పోయి రేకు చప్పుడు వస్తుంది, మధ్యలో పది లక్షల ఓముల ఇన్‌పుట్ ఉన్న చిన్న ప్రీయాంప్ పెట్టాలి. బిళ్లను బొంగుకు అతికించడానికి జిగురు వెతకనక్కర్లేదు. యంత్రాల కంపనాలు కొలిచే ప్రయోగశాలల్లో సెన్సార్లను పలచటి తేనెమైనం పొరతోనే అతికిస్తారు, అది కంపనాన్ని మింగకుండా దాటిస్తుంది, పని అయ్యాక మచ్చ లేకుండా ఊడొస్తుంది.